1968 డాడ్జ్ చార్జర్ ఆర్/టీ: ఇంజిన్ సంగతి సరే, రేకు చూశారా, తీగ చూశారా?

1968 చార్జర్ ఆర్/టీ (‘రోడ్/ట్రాక్’, చార్జర్‌లో బలమైన ఇంజిన్ ఉన్న రకం) కొనడానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తించి, 440 మ్యాగ్నమ్ ఇంజిన్‌ని చూస్తూ నిలబడిపోతారు. అమ్మేవాడికి కావాల్సిందీ అదే. ముందు తెరవాల్సింది డిక్కీ. మ్యాటు పక్కకి లాగి, టార్చి వేసి, వెనకద్దం కింది రెండు మూలలూ, డిక్కీ నేలా చూడాలి. అక్కడ బాగుంటేనే బానెట్ దగ్గరికి రావాలి. ఎంత అరిగిపోయినా ఆ ఇంజిన్‌ని బాగుచేసే మెషిన్ షాపులు అమెరికాలో ఏ మూలకెళ్లినా దొరుకుతాయి, పిస్టన్ నుంచి గాస్కెట్ దాకా భాగాలన్నీ కొత్తవి వస్తున్నాయి. ఈ కారులో డబ్బు మింగేవి రెండే: తుప్పు పట్టిన బాడీ, అరవయ్యో ఏట పడబోతున్న వైరింగ్.

డాడ్జ్ ఈ రూపాన్ని 1968 మోడల్‌తో తెచ్చింది. నడుము దగ్గర సన్నబడి చక్రాల మీద ఉబ్బే పక్కలు, లోపలికి దిగిన వెనకద్దం, వెనక నాలుగు గుండ్రటి లైట్లు, ఎడమ ఫెండర్ మీద మూత కనిపించే పెట్రోలు ట్యాంకు. వీల్‌బేస్ 117 అంగుళాలు, పొడవు 208 అంగుళాలు, బరువు 4000 పౌండ్లకు కొంచెం అటూ ఇటూ. ఆ ఏడాది తయారైన చార్జర్లు సుమారు 96 వేలు, వాటిలో ఆర్/టీలు ఐదో వంతులోపే. ఆర్/టీకి మామూలుగా వచ్చేది 440 క్యూబిక్ అంగుళాల, అంటే 7.2 లీటర్ల వీ8: 375 హార్స్‌పవర్, 480 పౌండ్-అడుగుల టార్క్. అదనంగా డబ్బు కడితే 425 హార్స్‌పవర్ 426 హెమీ. ఇవన్నీ అప్పటి గ్రాస్ లెక్కలు. ఇంజిన్‌ని బయట బెంచీ మీద పెట్టి, కారులో ఉండే సైలెన్సర్ల వంటి భారమేమీ లేకుండా కొలిచినవి. ఇప్పటి నెట్ హార్స్‌పవర్ పక్కన పెట్టి వాదించుకోవడం దండగ.

నడిపితే తెలిసేది హార్స్‌పవర్ కాదు, టార్క్. గరిష్ఠ టార్క్ 3200 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది కాబట్టి కాలు పూర్తిగా నొక్కాల్సిన పని చాలా అరుదు. పావు వంతు నొక్కితేనే ముందు భాగం పైకి లేస్తుంది. 3.23 యాక్సిల్ (చక్రం ఒకసారి తిరగడానికి గేర్‌బాక్సు షాఫ్టు 3.23 సార్లు తిరిగే నిష్పత్తి), సుమారు 27 అంగుళాల టైర్లు ఉంటే గంటకు 70 మైళ్ల దగ్గర ఇంజిన్ 2800 ఆర్‌పీఎం పైచిలుకు తిరుగుతుంది. 3.55 అయితే 3100. ఓవర్‌డ్రైవ్ లేదు, ఈ చప్పుడే హైవే పొడుగునా చెవిలో ఉంటుంది. ఎవరైనా 4.10 యాక్సిల్ వేసి అమ్ముతుంటే అది 3500 దాటుతుంది. డ్రాగ్ స్ట్రిప్ మీద సరదాగానే ఉంటుంది గానీ ఊళ్లు దాటే ప్రయాణానికి తలనొప్పి. గ్యాలన్‌కు 10 నుంచి 12 మైళ్లు వస్తే ట్యూనింగ్ బాగున్నట్టే. పవర్ స్టీరింగ్ వేలితో తిప్పేంత తేలిక, కానీ ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో చేతికి చెప్పదు. హెడ్‌రెస్టుల నిబంధన 1969 జనవరి 1న వచ్చింది కాబట్టి 1968 సీట్లకు సాధారణంగా అవి ఉండవు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడకి ఆసరా లేదన్న సంగతి గుర్తుంచుకుని నడపాలి.

ఇక అసలుదో నకిలీదో తేల్చుకోవడం. ఈ విషయంలో డాడ్జ్ మాతృసంస్థ క్రైస్లర్ కార్లు కొనేవాడిది అదృష్టమనే చెప్పాలి. 1969 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ వంటి కొన్ని కార్లలో వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) చూసి ఏమీ తేల్చలేం. చార్జర్‌లో మొదటి ఆరు అక్షరాలే జాతకం చెప్పేస్తాయి. ‘ఎక్స్‌ఎస్29ఎల్8’ అని ఉంటే ఎక్స్ అంటే చార్జర్, ఎస్ అంటే ఆర్/టీ శ్రేణి, 29 రెండు తలుపుల హార్డ్‌టాప్, ఎల్ 440 ఇంజిన్, 8 అంటే 1968. ఎల్ బదులు ‘జె’ ఉంటే హెమీ. ‘ఎక్స్‌పీ29’తో మొదలైతే మామూలు చార్జర్, దాని మీద ఆర్/టీ బ్యాడ్జీలు, వెనక తేనెటీగ చారలు ఎన్ని ఉన్నా అది ఆర్/టీ కాదు. అలా తయారుచేసిన కారు కొనకూడదని కాదు, ఆర్/టీ ధర పెట్టకూడదని.

వీఐఎన్ ప్లేటు డ్యాష్‌బోర్డు మీద ఎడమవైపు, అద్దం కింద కనిపిస్తుంది. రివెట్లు కొత్తగా మెరుస్తున్నా, ప్లేటు చుట్టూ గీతలున్నా అక్కడే ఆగండి. ప్లేటు మార్చడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కారు జప్తయితే పోయేది కొన్నవాడి డబ్బే. అదే వరస సంఖ్య రేడియేటర్ సపోర్టు మీదా, డిక్కీ అంచున రబ్బరు బీడింగ్ కింద రేకు మీదా గుద్ది ఉంటుంది. రబ్బరు తీసి చూడనివ్వని అమ్మకందారుతో మాట పెంచుకోవడం అనవసరం. ఇంజిన్ బ్లాకు మీద, గేర్‌బాక్సు మీద కూడా ఆ సంఖ్య సరిపోతే ‘మ్యాచింగ్ నంబర్స్’ కారు. ఎడమ ఇన్నర్ ఫెండర్ మీద ఉండే చిన్న ఫెండర్ ట్యాగులో రంగు, ఆప్షన్ల కోడ్‌లు ఉంటాయి. ఫ్యాక్టరీ బ్రాడ్‌కాస్ట్ షీటు (కారుకి ఏమేం బిగించాలో రాసిన కాగితం) వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని దొరకడం మామూలే. అది దొరికితే ట్యాగు కన్నా నమ్మదగింది, ఎందుకంటే ట్యాగులు కొత్తవి కొట్టిస్తున్నారు.

తుప్పు దగ్గరికొస్తే, పైన పటారం లోన లొటారం అన్న మాటకి ఈ కారు కన్నా మంచి ఉదాహరణ దొరకదు. లోపలికి దిగిన ఆ వెనకద్దమే ఇంత అందాన్నిచ్చింది, అదే నీటిని నిలబెట్టి కారుని తినేసింది. వాన నీరు అద్దం కింది మూలల్లో, క్రోము పట్టీ వెనక నిలుస్తుంది. పట్టీ క్లిప్పుల దగ్గర పెయింట్ లేచి, రేకు చిల్లి పడి, నీరు డిక్కీలోకి కారుతుంది. అక్కణ్నుంచి డిక్కీ నేల, పక్కన క్వార్టర్ ప్యానెళ్లతో కలిసే గుంటలు, వెనక ఫ్రేమ్ రెయిళ్లు వరసగా పోతాయి. వినైల్ టాప్ (పైకప్పు మీద అతికించిన వినైల్ గుడ్డ) ఉన్న కారైతే అనుమానం రెట్టింపు చేసుకోవాలి. గుడ్డ కింద ఉబ్బులు చేతికి తగిలితే, లోపల తుప్పు రొట్టెలా పొరలు పొరలుగా ఉందని అర్థం.

ఇది యూనిబాడీ కారు, విడిగా ఛాసిస్ లేదు. అందుకని నేల రేకు తుప్పు అందం సమస్య కాదు, బలం సమస్య. లిఫ్టు మీద పెట్టించి రెండు చోట్లు ప్రత్యేకంగా చూడాలి. ఒకటి, ముందు సీట్ల కింద అడ్డంగా ఉండే టార్షన్ బార్ క్రాస్‌మెంబర్. ముందు సస్పెన్షన్ బరువంతా మెలితిరిగి నిలిచే చోటది. దాని చివర్లు నేలకి అతుక్కునే దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడకూడదు. రెండోది, వెనక లీఫ్ స్ప్రింగుల ముందు చివర బిగించే భాగం. ఇవి పోయిన కారుకి పైన ఎంత మంచి పెయింట్ ఉన్నా ధర సగం కింద లెక్కే. బయట రేకుకి చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, వెనక చక్రాల చుట్టూ, తలుపుల కింద ఆనించి చూడండి. పట్టు జారిపోయే చోట రేకు మీద పుట్టీ ఉంది. ఇప్పుడు దాదాపు అన్ని ప్యానెళ్లూ రిప్రొడక్షన్‌లో దొరుకుతున్నాయి; ఖర్చు ప్యానెల్‌ది కాదు, పాతది కోసి, కొలత తప్పకుండా కొత్తది కూర్చే పనిగంటలది. తుప్పు బాడీని తక్కువకి కొని బాగుచేయిద్దామనుకున్న లెక్క అసలుకే ఎసరు తెస్తుంది.

వైరింగ్ గురించి కొంచెం విడమరిచి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కారుల్లో మంటలకి ఇదే దారి. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే లావుపాటి నల్ల తీగ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) లోని ప్లాస్టిక్ కనెక్టర్ దాటి లోపలికి వెళ్తుంది. బ్యాటరీకి చేరాల్సిన కరెంటు డ్యాష్‌బోర్డులో అమ్మీటర్ (కరెంటు కొలిచే గేజు) గుండా తిరిగి, ఎర్ర తీగ మీద అదే కనెక్టర్ లోంచి మళ్లీ బయటికి రావాలి. అక్కడ ఈ భారం మోసేవి పావు అంగుళం వెడల్పున్న స్పేడ్ టెర్మినల్స్. కొత్తలో చిన్న ఆల్టర్నేటర్, తక్కువ లోడు కాబట్టి నడిచింది. ఏళ్లు గడిచి టెర్మినల్ మీద కిలుము పట్టి 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి, 30 ఆంపియర్లు పారితే 3 వోల్టులు అక్కడే పోతాయి, 90 వాట్ల వేడి ఆ చిన్న ముక్కలో పుడుతుంది. ప్లాస్టిక్ కరుగుతుంది. ఇది చాలదన్నట్టు, ఎవరో పెద్ద ఆల్టర్నేటరు, ఎలక్ట్రిక్ ఫ్యాన్లు తగిలించి పాత తీగల్నే వదిలేసి ఉంటారు.

పరీక్ష తేలిక. ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, హెడ్‌లైట్లు, హీటర్ బ్లోయర్ వేసి, మల్టీమీటర్ ఒక కొస ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకి, రెండోది బ్యాటరీ ప్లస్‌కి ఆనించండి. తేడా అర వోల్టు దాటితే కనెక్టర్ విడదీసి చూడాల్సిందే. బ్యాటరీ తీగ విప్పాకే చెయ్యి పెట్టాలి. నల్లబడ్డ టెర్మినల్ కనిపిస్తే శుభ్రం చేసి ఊరుకోకుండా, ఆ రెండు తీగలకీ కొత్త టెర్మినల్స్ వేయించండి. శాశ్వత పరిష్కారం కావాలంటే ఆల్టర్నేటర్ నుంచి స్టార్టర్ రిలే బోల్టుకి నేరుగా 10 గేజు తీగ లాగి, మధ్యలో 14 గేజు ఫ్యూజిబుల్ లింకు (కరెంటు మితిమీరితే ముందు కరిగి తెగే తీగ) పెట్టాలి. లింకు లేకుండా తీగ లాగడమంటే, ఎక్కడైనా షార్టయితే ఆపే నాథుడు లేకుండా చేసుకోవడం. ఈ పని చేశాక అమ్మీటర్ ముల్లు దాదాపు కదలదు, అది పాడైందని భయపడక్కర్లేదు. వోల్ట్‌మీటర్ ఒకటి విడిగా పెట్టుకుంటే సరి. హెడ్‌లైట్ల కరెంటు కూడా మొత్తం స్విచ్ గుండానే పోతుంది. రెండు రిలేలు పెడితే స్విచ్ వేడెక్కదు, లైట్లు కూడా తెల్లగా వెలుగుతాయి.

ఇదే వైరింగ్‌లో ఇంకో రెండు లక్షణాలు గుర్తుపట్టాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజిన్ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతే ఫైర్‌వాల్ మీద ఉన్న తెల్ల సిరామిక్ బ్యాలస్ట్ రెసిస్టర్ పోయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కి దాన్ని దాటి నేరుగా కరెంటు వస్తుంది, మామూలప్పుడు దాని గుండానే రావాలి కాబట్టి అలా జరుగుతుంది. కొద్ది డాలర్ల వస్తువు, గ్లోవ్‌బాక్సులో ఒకటి పడేసుకుంటే చాలు. ఇక పెట్రోలు, టెంపరేచర్ ముళ్లు రెండూ ఒకేసారి పైకి ఎగబాకితే ఇంజిన్ వేడెక్కలేదు, డ్యాష్‌లో గేజులకి వోల్టేజీ తగ్గించే లిమిటర్ ఇరుక్కుంది. వెంటనే ఆపకపోతే గేజులు కాలిపోతాయి. ఎలక్ట్రానిక్ లిమిటర్లు దొరుకుతున్నాయి, డ్యాష్ విప్పిన రోజే వేసేయడం మంచిది.

ఇంజిన్ మొండిది. కంప్రెషన్ 10:1కి కాస్త పైన కాబట్టి 91 లేదా 93 ఆక్టేన్ ప్రీమియం తప్పదు. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం తీసి మూసి, 3000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ రావాలో) 34 నుంచి 36 డిగ్రీల మధ్య పెట్టాలి. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని శబ్దం వస్తే 2 డిగ్రీలు వెనక్కి తెస్తే చాలు. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. డిస్ట్రిబ్యూటర్ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. చిన్న క్రైస్లర్ వీ8లు అలవాటైన మెకానిక్కులు ఇక్కడే ప్లగ్గు తీగలు తారుమారు చేస్తారు. ప్లగ్గు గ్యాప్ 0.035 అంగుళం. నూనె 4 క్వార్టులు, ఫిల్టర్ మారిస్తే మరొకటి.

నూనె రకంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఈ క్యామ్‌షాఫ్టు మీద లిఫ్టర్లు రాసుకుంటూ తిరుగుతాయి, రోలర్లు లేవు. ఇప్పటి మామూలు కార్ల నూనెల్లో క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం జింకు, ఫాస్ఫరస్ తగ్గించేశారు. పాత ఇంజిన్ల కోసమే అమ్మే, వెయ్యి పీపీఎం పైన జింకు ఉన్న నూనె వాడాలి. కొత్త క్యామ్ వేసినప్పుడైతే, స్టార్టవగానే ఐడ్లింగ్‌లో ఉంచకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య మార్చుకుంటూ 20 నిమిషాలు పైగా తిప్పాలి. ఆ 20 నిమిషాల్లో తప్పు జరిగితే క్యామ్ లోబులు అరిగి, ఆ ఇనప పొడి బేరింగుల దాకా వెళ్తుంది.

వేసవిలో ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు: పెట్రోలు బంకు దగ్గర ఆపి పది నిమిషాల తర్వాత తీస్తే అందుకోదు. 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు తేలిగ్గా మరుగుతుంది, కార్టర్ ఏవీఎస్ కార్బురేటర్ వేడి మ్యానిఫోల్డు మీద కూర్చుని ఉంటుంది, బౌల్‌లో పెట్రోలు పొంగి సిలిండర్లలోకి కారుతుంది. యాక్సిలరేటర్ పంపు కొట్టకుండా, పెడల్ చివరిదాకా నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. కార్బురేటర్ కింద పావు నుంచి అర అంగుళం మందం ఇన్సులేటర్ గాస్కెట్ పెట్టి, మ్యానిఫోల్డు కింద వేడి గ్యాసు దారి మూసే గాస్కెట్ వేస్తే బాధ చాలావరకు పోతుంది. అర అంగుళం లేచిన కార్బురేటర్ మీద ఎయిర్ క్లీనర్ బానెట్‌కి తగలకుండా చూసుకోవాలి. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకంతో మార్చడం మొదటివారం పని. లోపలి పొర ఊడి ఫిల్టర్‌లో నల్ల ముక్కలు కనిపిస్తే ఆలస్యమైనట్టే. ట్రాఫిక్‌లో వేడెక్కుతుంటే థర్మోస్టాట్ మీద పడకముందు ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ ఉందో లేదో చూడండి. ఎవరో విప్పి, తిరిగి బిగించకుండా వదిలేసిన కార్లు బోలెడు.

టార్క్‌ఫ్లైట్ 727 ఆటోమేటిక్‌కి మంచి పేరు ఊరికే రాలేదు. దాన్ని చంపేది ఒక్కటే: కార్బురేటర్ మార్చినప్పుడు గేర్‌బాక్సుకి వెళ్లే కిక్‌డౌన్ లింకేజీని తగిలించకపోవడం. అది కిక్‌డౌన్ కోసమే అనుకుంటారు. లోపలి ఆయిల్ ప్రెషర్‌ని పెంచేది అదే. లేకపోతే క్లచ్‌లు జారి, కొద్ది రోజుల్లోనే కాలిపోతాయి. ఆయిల్ మట్టం వేడి మీద, ఇంజిన్ తిరుగుతుండగా, పార్కులో కాకుండా న్యూట్రల్‌లో చూడాలి. నెల రోజులు కదలకుండా ఉన్న కారు డిప్‌స్టిక్ మీద ఆయిల్ పొంగిపోయినట్టు కనిపిస్తుంది, టార్క్ కన్వర్టర్ లోది పాన్‌లోకి దిగింది కాబట్టి. తీసెయ్యకండి.

బ్రేకులు ఈ కారుకి సరిపోవు, ఇందులో మొహమాటం లేదు. ఆర్/టీకి ముందు 11 అంగుళాల డ్రమ్ములు, 3 అంగుళాల వెడల్పు లైనింగు. ఒక్క గట్టి బ్రేకుకి బాగానే ఆగుతుంది. కొండ దిగుతూ వరసగా నాలుగుసార్లు నొక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. ముందు డిస్కులు వేయించుకోవడం మేలు. పాత డ్రమ్ములు దాచిపెట్టుకుంటే అమ్మేటప్పుడు విలువ పోదు. చక్రం విప్పేటప్పుడు ఇంకో మాట. డ్రైవర్ వైపు నట్లు ఎడమ మరవి, గడియారం దిశలో తిప్పితేనే వదులవుతాయి. తెలియని టైరు షాపులో ఎయిర్ గన్ పెడితే స్టడ్ తెగిపోతుంది. బిగించేది 65 పౌండ్-అడుగులకి. రేడియల్ టైర్లు వేశాక పాత అలైన్‌మెంట్ కొలతలు పనికిరావు, కారు హైవే మీద అటూ ఇటూ తిరుగుతుంది. పై ఆర్ములకి ఆఫ్‌సెట్ బుష్‌లు వేయించి క్యాస్టర్‌ని (స్టీరింగ్ ఇరుసు ముందువెనకల వాలు) 2 నుంచి 3 డిగ్రీల పాజిటివ్‌కి తెస్తే సూటిగా పోతుంది. టార్షన్ బార్ బోల్టు తిప్పి కారు ముందు ఎత్తు మార్చినప్పుడల్లా అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.

హెడ్‌లైట్లని దాచే మూతలు వాక్యూమ్ మీద తెరుచుకుంటాయి; సగమే తెరుచుకుంటే గొట్టం చీలిందో, డయాఫ్రమ్ పోయిందో చూడాలి. ప్లాస్టిక్ గ్రిల్ పగుళ్లు దగ్గరగా చూడండి, మంచిది దొరకడం కష్టం, దొరికినా ముక్కుపిండి వసూలు చేస్తారు.

ఇన్సూరెన్సు మామూలు పాలసీ కాకుండా ‘అగ్రీడ్ వాల్యూ’ పాలసీ తీసుకోవాలి. మామూలు పాలసీలో ప్రమాదం జరిగాక తరుగుదల పోను లెక్క కడతారు; ఇందులో విలువ ముందే రాసుకుంటారు. బదులుగా తాళం వేసిన గ్యారేజీ, రోజువారీ వాడకానికి వేరే కారు ఉండాలని షరతు పెడతారు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకి 1975, అంతకుముందు మోడళ్ల పెట్రోలు కార్లకి స్మాగ్ (పొగ) పరీక్ష లేదు.

ఏది కొనాలి? దాచుకుని విలువ పెంచుకోవాలంటే ఇంజిన్, గేర్‌బాక్సు సంఖ్యలు కలిసే ‘ఎక్స్‌ఎస్29ఎల్8’. వారాంతాల్లో నడపాలనుకుంటే ‘ఎక్స్‌పీ29హెచ్8’, అంటే నాలుగు బ్యారెళ్ల 383 ఉన్న మామూలు చార్జర్. రేకు అదే, అద్దం అదే, గేర్‌బాక్సు అదే, ముందు వైపు ఇంజిన్ బరువు కాస్త తక్కువ. మిగిలిన డబ్బుతో డిస్క్ బ్రేకులు, కొత్త వైరింగ్ హార్నెస్, ఆఫ్‌సెట్ బుష్‌లు, మంచి టైర్లు వేయించినా ఆర్/టీ ధర దరిదాపులకి పోరు. బ్యాడ్జీ లేదన్న లోటు పార్కింగ్‌లోనే తెలుస్తుంది, రోడ్డు మీద తెలియదు.